వెనక నుంచి పిలిస్తే

కరుణకు ఈమధ్య కోపం రావడం కూడా మానేసింది. తల్లి ఎల్లవ్వ పోయి ఏడాది దాటింది. సూరత్ నవాగామ్‌లోని ఆ ఒంటిగదిలో ఇప్పుడు ఉండేది ఆమె, తండ్రి లింగమూర్తి, ఇద్దరే. ఆయన మగ్గాల కార్ఖానాకు పోతాడు, వస్తాడు, స్టవ్ ముందు కూర్చుంటాడు. ఆమె పర్వత్ పాటియాలో చీరల దుకాణాలకు బిల్లుల సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీకి పోతుంది, వస్తుంది, లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. ఒకరి వీపు ఒకరికి బాగా అలవాటైపోయింది.

కంపెనీవాళ్లు అహ్మదాబాద్‌లో ఇంకో ఆఫీసు తెరుస్తున్నారు. వెళ్తావా అని కరుణను అడిగారు. శనివారం నాటికి జవాబు చెప్పాలి. పోయిన ఆదివారం తండ్రి అటు తిరిగి చారు మరిగిస్తుంటే, గుమ్మంలో నిలబడి అడిగింది.

"నాయినా, అహ్మదాబాద్‌ల నౌకరి ఉందంటున్నరు. పోవాల్నా, వద్దా?"

ఆయన ఉలకలేదు, పలకలేదు. గరిటె మాత్రం తిరుగుతూనే ఉంది. పోతే పో, ఉంటే ఉండు అని అర్థం కాబోలు అనుకుంది కరుణ. రెండోసారి అడిగే ఓపిక లేదు. ఇంకొకప్పుడైతే ఏడ్చేదే. ఇప్పుడు మనసు మొద్దుబారి ఏడుపూ రాలేదు, ఏమీ రాలేదు. వెళ్తానని చెప్పేద్దామని మాత్రం అనుకుంది.

శుక్రవారం నిఖిత ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నిఖిత కరుణకు పని నేర్పే సీనియర్. ఊరి పక్కన హజీరాలో ఉద్యోగం చేసే ఆంధ్రా ఇంజనీరు కూతురు. సూరత్‌లోనే పుట్టి పెరిగింది కాబట్టి, తెలుగులో మొదలుపెట్టిన మాటను హిందీలో ముగిస్తుంది. ఆ వారమంతా ఆమె నేర్పుతున్నది యూనిట్ టెస్టులు రాయడం. మనం రాసిన కోడు సరిగ్గా పనిచేస్తుందా లేదా అని అడిగే మరో చిన్న కోడే టెస్టు. జవాబు సరిపోతే తెర మీద పచ్చ గుర్తు వస్తుంది. తేడా వస్తే ఎరుపు.

కరుణకు అప్పజెప్పింది చిన్న కోడు ముక్క. దుకాణదారు గుడ్డ ఎన్ని మీటర్లో టైపు కొడితే, ఆ ముక్క ధర కట్టాలి. కరుణ రాసిన టెస్టులన్నీ పచ్చగానే ఉన్నాయి. నిఖిత వాటిని చదివి మూతి విరిచింది.

"ఇదేంటి, బిల్లు స్క్రీన్ మొత్తం నడిపించి చూశావా?"

"అవునక్కా. అన్నీ పాసైనయి గదా."

"పాసైతే సరిపోదు. ఎందుకు పాసైందో తెలియాలి. మీటర్లు కొట్టకుండా ఖాళీగా వదిలేస్తే, ఆ స్క్రీనే సున్నా పెట్టి నీ ముక్కకి అందిస్తోంది. వో సంభాల్ లేతీ హై, అదే సర్దేస్తోంది. ఆ సాయం తీసేయ్. నీ ముక్కని ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడుగు. ఏం జవాబు రావాలో ముందే రాసుకో, తర్వాత నడుపు."

కరుణ అలాగే రాసింది. స్క్రీన్ లేదు, ఇంకేమీ లేదు. ఖాళీ విలువ ఇచ్చింది, సున్నా రావాలని రాసింది, నడిపింది. తెర మీద ఎరుపు వచ్చింది. ఇంతకాలం బుద్ధిగా ఉందనుకున్న ముక్క ఒంటరిగా అడిగేసరికి చతికిలబడింది.

"ఫెయిలైందక్కా."

"బహుత్ అచ్ఛా!" అంది నిఖిత. "మొదటి నుంచీ ఫెయిలయ్యేదే కరుణా. నీకు ఇవాళ కనబడింది, అంతే."

కరుణ కోడు సరిచేసింది. పచ్చ గుర్తు వచ్చింది. సంతోషమేమీ కలగలేదు. కానీ సాయంత్రం ఇంటికి వెళ్లే బస్సులో ఆ మాట వదలలేదు. సాయం తీసేసి, ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడుగు.

తల్లి కూడా తండ్రి పనిచేసే కార్ఖానాలోనే దారం కండెలు చుట్టేది. మగ్గాల మోతలో గొంతుతో పనిలేదు. అక్కడ అందరూ నోరు బారెడు తెరిచి, చేతులు తిప్పుతూ మాట్లాడుకుంటారు, పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. ఎల్లవ్వ ఇంట్లోనూ అంతే. కరుణ ఏదైనా అంటే, మొగుడి భుజం తట్టి, ఎదురుగా నిలబడి, అదే మాట చేతులతో సహా మళ్లీ అనేది. "గట్ల నోరు తెరిచి మాట్లాడకే అమ్మా, నలుగురు నవ్వుతరు" అని కాలేజీ రోజుల్లో కరుణ ఎన్నిసార్లు విసుక్కుందో. తాను మాత్రం పెదవి కదలకుండా నాజూగ్గా మాట్లాడటం నేర్చుకుంది. ఇంటర్వ్యూలో మెచ్చుకున్నారు కూడా.

బస్సు దిగి గది దాకా దాదాపు పరుగెత్తింది. లింగమూర్తి అటు తిరిగి స్టవ్ ముందే ఉన్నాడు. కరుణ గుమ్మంలో ఆగింది. పిలిస్తే తిరిగి చూడాలి, అంతే.

"నాయినా."

గరిటె తిరుగుతోంది.

"నాయినా!"

పక్క గదిలో ఉండే లింగవ్వ తల బయటపెట్టింది. "ఏందే పిల్లా, గట్ల ఒర్రుతున్నవ్?"

లింగమూర్తి చారులో ఉప్పు వేస్తున్నాడు.

కరుణ వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన తలెత్తి చూశాడు. కళ్లలోకి కాదు, పెదాల వైపు. ఇన్నాళ్లూ ఆయనకు తన కళ్లలోకి చూడటం ఇష్టం లేదనుకుంది ఆమె. అచ్చం తల్లి లాగా నోరు తెరిచి, చెవి మీద చెయ్యి పెట్టి అడిగింది.

"నీకు ఇనవడ్తలేదా నాయినా?"

ఆయన గరిటె పక్కన పెట్టాడు. "మగ్గాల కాడ అందరికి గంతేనాయె. మీ అమ్మ ఉండె గదా, నడిచింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఏం చెప్పాలె? నువ్వే మాట్లాడుడు బంద్ జేసినవనుకున్న బిడ్డా. అమ్మ పోయినంక నా మీద గుస్సా అయినవనుకున్న."

ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. సిగ్గు లేకుండా, లింగవ్వ చూస్తుండగానే ఏడ్చింది. ఆయన కంగారుపడి స్టవ్ ఆర్పేశాడు. ముక్కు తుడుచుకుని, చేతులతో దూరం చూపించి, ఆదివారం నాటి ప్రశ్నే మళ్లీ అడిగింది కరుణ.

"అహ్మదాబాద్‌ల నౌకరి. పోవాల్నా, వద్దా?"

లింగమూర్తి ఆమె పెదాలు ఆగేదాకా చూశాడు.

"పో బిడ్డా. నౌకరి ఇడువకు. ఫోన్ జేసినప్పుడు మాత్రం జర మొకం చూపెట్టుకుంట మాట్లాడు. మీ అమ్మ లెక్క, నోరు మంచిగ తెరువు."

కరుణ నోరు మంచిగా తెరిచి, సరే అంది.