కళ్ళతో అందించిన జవాబు

ఆ ఇంట్లో నాలుగేళ్ళ చిట్టి ఏదీ నోరు తెరిచి అడగనక్కర్లేదు. కూజా వైపు చూస్తే నీళ్ళు, చెప్పుల వైపు చూస్తే షికారు. నోరు మెదపకుండానే రాజ్యమేలుతోందని నాయనమ్మ మురిసిపోయేది. తల్లికి మాత్రం, పక్కింట్లో ఇంకా చిన్న పిల్ల కబుర్లు వినబడితే అన్నం సహించేది కాదు.

బడిలో చేర్చుకునే ముందు మాటల పరీక్ష చేయించమన్నారు. అప్పటి నుంచి తల్లి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. తప్పితే పిల్లకు మొద్దన్న ముద్ర పడుతుందని ఆమె భయం. బొమ్మల అట్టలు కొనితెచ్చి, పొద్దస్తమానం వల్లె వేయించింది.

పరీక్ష గదిలో డాక్టరమ్మ బొమ్మల అట్టలు చూపిస్తుంటే చిట్టి గిన్నె, పడవ, గొడుగు అని గడగడా చెప్పేసింది. తల్లి ఊపిరి పీల్చుకుంది. డాక్టరమ్మ అట్టలు పక్కన పడేసి, బల్ల మీద కప్పూ చెంచా ఉంచి, చెంచాను కప్పు వెనకాల పెట్టమంది. చిట్టి వెనుదిరిగి తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత సరిగ్గా పెట్టింది. చెంచాను కప్పు కింద పెట్టమన్నా అంతే.

"కాస్త కిటికీ వైపు తిరిగి కూర్చుంటారా అమ్మా?"

"నేనేం చెప్పలేదండీ."

"నోటితో చెప్పలేదు లెండి."

తల్లి చెవులు వేడెక్కాయి. తిరిగి కూర్చుంది. వెనక మళ్ళీ అదే మాట, అదే నెమ్మది గొంతు. ఆ తర్వాత చిన్న అడుగులు వినబడ్డాయి. చిట్టి చెంచా పట్టుకుని ఆమె మోకాళ్ళ దగ్గరికొచ్చి, ముఖంలోకి తొంగిచూసింది. తల్లి కళ్ళు మూసుకుంది. కాసేపటికి చెంచా కప్పులో పడిన చప్పుడైంది.

"తప్పిందా?"

"తప్పింది," అంది డాక్టరమ్మ. "వెనక, కింద అంటే పాపకింకా తెలీదు. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో మనకి తెలిసింది. ఇందాకటిలాగే సాగి ఉంటే ఏ లోటూ లేదని పంపేసేదాన్ని. రేపు బడిలో మీ కళ్ళుండవు కదమ్మా."

ఇల్లు చేరగానే చిట్టి కూజా వైపు చూసింది. నాయనమ్మ గ్లాసు అందుకుంది.

"ఒక్క క్షణం ఆగండత్తయ్యా," అని తల్లి పిల్ల ఎదుట కూర్చుంది. "నీళ్ళు కావాలా, పాలు కావాలా?"

చిట్టి కాలు నేలకేసి రాసింది. తల్లి తన చూపు కూజా మీదికి పోనివ్వలేదు. పిల్ల పెదవులు కదిలాయి, మాట ఇంకా రాలేదు. ఆమె ఎదురుచూసింది.

పిల్లకు రానిది దాచి గెలిపిస్తే ఆ గెలుపు పెద్దవాళ్ళది. లోటు మాత్రం పిల్లకే మిగులుతుంది.