కరెంటు పోతే నల్లబడే అద్దాలు

ఆర్డిత్ కెస్లర్ కళ్ళు పుట్టుకతోనే వెలుగును తట్టుకోలేవు. కెంట్ ఊళ్ళో మంచు పడిన మర్నాడు అందరూ పారలు పట్టుకుని బయటికొస్తే, ఆమె కిటికీలకు తెరలు దించుకుని లోపల కూర్చునేది. అలాగే ముసలిదైంది.

తమ్ముడు వెండెల్ ఊళ్ళోని ద్రవ స్ఫటికాల ప్రయోగశాలలో చాలాకాలం పనిచేశాడు. ద్రవ స్ఫటికాలంటే డిజిటల్ గడియారాల్లో అంకెలు చూపించే పదార్థమే. దానికి నల్లరంగు కలిపి, రెండు పలుచని అద్దాల మధ్య నింపి అక్కకు కళ్ళజోడు చేశాడు. వెలుగు తగిలితే నల్లబడేది. బాగానే ఉంది. ఒకరోజు వంతెన మధ్యలో దాని బ్యాటరీ అయిపోయింది. అద్దాలు తేటపడిపోయాయి. ఆర్డిత్ మంచులోనే చతికిలబడి, ఎవరో వచ్చి చెయ్యి పట్టుకునేదాకా మొహం మోకాళ్ళలో దాచుకుంది.

ఇంటికొచ్చి ఒక్కటే అంది. "ఒరే, వెలుగు తట్టుకునేవాడి బుద్ధితో చేశావు. కరెంటు పోతే నాకు చీకటి కావాలి."

వెండెల్ తిరగేసి చేశాడు. ఇప్పుడు కరెంటు ఉన్నంతసేపే స్ఫటికాలు నిలబడి వెలుగును లోపలికి రానిస్తాయి. అది పోయిందా, పడుకుంటాయి. అద్దం నల్లబడుతుంది. రెండు రకాలకూ కలిపి ఒకే పేటెంటు వచ్చింది. తిరగేసే ఆలోచన ఆమెది, పని అతనిది గనక రెండు పేర్లూ ఎక్కాయి.

దాన్ని కొనడానికి ఒక కంపెనీ తరఫున ప్రెస్కాట్ అనే మనిషి వచ్చాడు. వంటింటి బల్ల మీద కాగితాలు పరిచాడు.

"మోటార్‌సైకిల్ తోలేవాళ్ళకి చేస్తామమ్మా. బ్యాటరీ పోతే తేటపడేలా మారుస్తాం. తోలేవాడికి చీకటైతే ప్రమాదం గదా."

"మరి మాకు?"

"మీలాంటివాళ్ళు మరీ తక్కువమంది."

"చెయ్యరన్నమాట. ఇంకెవరైనా చేస్తే?"

ప్రెస్కాట్ కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పాడు. "పేటెంటు మాదయ్యాక అది కుదరదు."

"పెట్టెయ్యక్కా సంతకం," అన్నాడు వెండెల్. "నీకు నేను చేసిచ్చినవి ఉన్నాయి గదా."

"నాకుంటే సరిపోయిందా? మిగతావాళ్ళు తెరలు దించుకుని కూర్చోవాలా?"

"చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు. గాడిదైనా నీకంటే ముందు కదులుతుంది."

"గాడిదకి తమ్ముడివి. నువ్వేమవుతావో చూసుకో."

వెండెల్‌కు మండింది. పెన్ను అందుకున్నాడు. ఆమె అడ్డుపడలేదు. ప్రెస్కాట్ వైపు తిరిగింది.

"వాడి సగం వాడిష్టం. కొనుక్కోండి. పేటెంటు ఇద్దరిదైతే ఈ దేశంలో ఎవరికి వాళ్ళు చేసి అమ్ముకోవచ్చట, రెండోవాళ్ళని అడగక్కర్లేదట. మా లాయరు చెప్పాడు. మీరు తేటపడేవి చేసుకోండి. నేను నల్లబడేవి చేస్తాను."

"సగంతో మాకేం పనమ్మా? మీ సగం మీరు మా పోటీవాళ్ళకి ఇచ్చేస్తే?"

"అది మీ బాధ."

ఆయన ఇంకాసేపు నచ్చజెప్పజూశాడు. లాభం లేక కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

వెండెల్ పెన్ను బల్ల మీద పడేశాడు. "చేస్తానన్నావుగా. ఎలా చేస్తావు?"

"నువ్వు నేర్పు."

"నేర్పను."

ఆర్డిత్ మెట్లు దిగి నేలమాళిగలోకి పోయింది. తమ్ముడి పనిబల్ల అక్కడే ఉంది. పూత పూసి ఆరబెట్టిన అద్దం ఒకటి తీసుకుని, ముఖమల్ గుడ్డతో అటూ ఇటూ రుద్దసాగింది.

వెండెల్ మెట్ల మీద నిలబడి చూశాడు. కాసేపే ఓర్చుకోగలిగాడు.

"అంట్లు తోముతున్నావా? గుడ్డ ఒకే వైపు లాగాలి. వెనక్కి రాకూడదు. గుడ్డ పూత మీద గీసే గీతల వెంబడే స్ఫటికాలు పడుకునేది. ఇలా రుద్దితే ఏ దిక్కున పడుకుంటాయో వాటికే తెలీదు."

ఆమె ఆ అద్దాన్ని చెత్తబుట్టలో వేసి ఇంకొకటి తీసింది.

"ఎన్ని పాడుచేస్తావు?" అంటూ వెండెల్ మిగతా మెట్లు దిగాడు.

"వచ్చేదాకా," అంది ఆర్డిత్.