పేజీ తిప్పిన చెయ్యి

మూడో తరగతి టీచరుగారంటే ఆ బడిలో అందరికీ గౌరవమూ, కాస్త భయమూ. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆవిడ క్లాసులో పిల్లలు తుమ్మాలన్నా చెయ్యెత్తి అడుగుతారని తోటి టీచర్లు నవ్వుకునేవారు. తనిఖీకి ఎవరొచ్చినా హెడ్మాస్టరు ముందు ఆవిడ గదికే తీసుకొచ్చేవారు.

ఆ గదిలో ఆవిడకొక తురుపుముక్క ఉండేది. మూడో బెంచీలో గోడవైపు కూర్చునే ఎనిమిదేళ్ల పిల్ల. పాఠం చదవమంటే చాలు, పుస్తకం పట్టుకుని నిలబడి, ఆగాల్సిన చోట ఆగుతూ, గొంతు పెంచాల్సిన చోట పెంచుతూ గడగడా చదివేసేది. టీచరుగారు మురిసిపోయి ‘చిలకమ్మ’ అని పేరు పెట్టింది. వార్షికోత్సవంలో చదువుకి బహుమతి కూడా ఇప్పించింది. కర్టెన్లు కుట్టే కొట్లో పనిచేసే వాళ్లమ్మ ఆ రోజు పని మానుకుని వచ్చి, ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకుంది.

ఆ ఏడు, నేర్చుకోవడంలో ఇబ్బంది పడే పిల్లల్ని గుర్తించి సాయం చేయడానికి ప్రత్యేక టీచరుగా ఒక అమ్మాయిని వేశారు. మూడు బళ్లకు కలిపి ఒక్కతే. ఈ బడికి మంగళవారం వంతు. మొదటి మంగళవారమే పిల్లకొక కాగితం చొప్పున ముప్పై ఎనిమిది కాగితాలు తెచ్చి టీచరుగారికిచ్చింది. అక్షరాలు తారుమారు చేస్తారా, చదువుతూ చదువుతూ వరస తప్పుతారా, వెనకనుంచి పిలిస్తే పలకరా, చదవమనగానే ఏదో సాకు చెప్తారా... ఇలా పదిహేను ప్రశ్నలు.

“తొందరేం లేదు మేడమ్. రెండు వారాలు పిల్లల్ని గమనించి నింపండి.”

టీచరుగారు వాటిని ఆ రోజే టీ తాగుతూ నింపేసింది. పై నుంచి కింది దాకా అన్నిటికీ ‘లేదు’.

“నా క్లాసులో నాకు తెలియని పిల్లలెవరమ్మా?” అంటూ కట్ట తిరిగిచ్చేసింది.

ఆ అమ్మాయి తర్వాతి మంగళవారం కొన్ని అట్టముక్కలు పట్టుకొచ్చింది. బొమ్మలేమీ లేవు, ఒక్కో అట్ట మీద నాలుగేసి వాక్యాలు. ఒక్కొక్కరినీ వరండాలోకి తీసుకెళ్లి చదివించుకుంటానంది.

“వరండా ఎందుకు? ఇక్కడే, అందరి ముందూ చదివించు. మా చిలకమ్మతో మొదలుపెట్టు. చదవడమంటే ఏంటో మిగతావాళ్లకీ తెలుస్తుంది.”

“వద్దు మేడమ్, ఒంటరిగా అయితేనే...”

“ఏం ఫర్వాలేదు. లే చిలకమ్మా!”

పిల్ల లేచింది. అట్ట తీసుకుంది. ముందువైపు చూసింది, తిప్పి వెనకవైపు చూసింది. పెదవులు తడుపుకుంది.

“మంచినీళ్లు తాగొస్తా టీచర్.”

“చదివి వెళ్లు. సిగ్గెందుకు?”

చెవులు ఎర్రబడుతున్నాయి. అట్ట కిందికి దించి సన్నగా అంది: “మీరు ఒక్కసారి చదివి వినిపించండి టీచర్. తర్వాత నేను చదివేస్తా.”

క్లాసంతా గొల్లున నవ్వింది. ప్రత్యేక టీచరు చప్పున వచ్చి అట్ట తీసేసుకుని, “అయ్యో, ఇది తప్పుగా రాసిన అట్ట. నాదే పొరపాటు” అంటూ పిల్ల భుజం మీద చెయ్యేసి వరండాలోకి నడిపించుకుపోయింది.

బడి వదిలాక ఆ అమ్మాయి టీచరుగారి దగ్గరికొచ్చి కూర్చుంది.

“తెలివికేం తక్కువ లేదు మేడమ్. ఇంట్లో వాళ్లక్క పైకి చదువుతుంటే విని పుస్తకం మొత్తం కంఠతా పట్టేసింది. అక్షరాలు మాత్రం పట్టుబడటం లేదు. ‘మ’కీ ‘య’కీ తేడా చెప్పలేకపోతోంది, ఒత్తు కనిపిస్తే ఆగిపోతోంది. అక్షరాలు చీమల్లా కదులుతాయంటోంది. మూడేళ్లుగా దాచుకుంటోంది పాపం.” కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగింది. “మీకెప్పుడూ అనుమానం రాలేదా?”

“రాలేదు” అంది టీచరుగారు.

అది అబద్ధం. అనుమానం కాదు, కళ్లారా చూసింది. తనిఖీ జరిగిన రోజు. తనిఖీ అధికారి కుర్చీలో కూర్చుని వింటున్నాడు. పిల్ల చదువుతూ చదువుతూ పేజీ తిప్పబోయి రెండు పేజీలు కలిపి తిప్పేసింది. కళ్లముందు ఇంకో పాఠం. నోటినుంచి మాత్రం పాత పాఠమే, అక్షరం పొల్లుపోకుండా వస్తోంది. పక్కనే నిలబడ్డ టీచరుగారు గమనించింది. చెయ్యి చాపి, మెల్లిగా ఒక పేజీ వెనక్కి తిప్పింది. అధికారి ‘భేష్’ అన్నాడు. ఆ తర్వాత దాన్ని గురించి ఆలోచించకూడదని తనకు తానే చెప్పుకుంది. బహుమతి ఇప్పించింది ఇది జరిగాకే.

ఆ రాత్రి భర్త రెండుసార్లు ఏమైందని అడిగాడు. తలనొప్పని చెప్పింది.

మర్నాడు పిల్ల తల్లి వచ్చింది. ప్రత్యేక టీచరు తన వంతు కాకపోయినా ఇందుకోసమే వచ్చి, నెమ్మదిగా విషయం విడమరచి చెప్పింది. తల్లి మొహం మొదట పాలిపోయింది, తర్వాత మండిపోయింది. పక్కన నిలబడ్డ కూతురి జబ్బ పట్టుకుంది.

“ఇన్నాళ్లూ మమ్మల్ని మోసం చేశావుటే? టీచరుగారి పరువు కూడా తీశావు కదే!”

పిల్ల టీచరుగారి వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. క్షమించమని అడుగుతున్నట్టుంది. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

“దాన్నేమీ అనకండమ్మా” అంది. “అది మోసం చెయ్యలేదు. నాకు తెలుసు. తనిఖీ రోజే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.”

ప్రత్యేక టీచరు తల దించుకుని కాగితాలు సర్దుకోసాగింది. తల్లి చెయ్యి కూతురి జబ్బ మీదనుంచి జారిపోయింది.

“తెలిసే బహుమతి ఇచ్చారా?”

“ఆఁ.”

“ఆ బహుమతి పత్రాన్ని గోడకు తగిలించుకున్నామండీ. వచ్చినవాళ్లందరికీ చూపించాను.” తల్లి కూతురి సంచీ అందుకుని వెళ్లిపోయింది. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేదనుకుంది టీచరుగారు.

ఆ వారమే ఖాళీ కాగితాలు మళ్లీ అడిగి తీసుకుంది. ఈసారి మూడు వారాలు పట్టింది. ఎప్పుడూ పరధ్యానమని తిట్టే వెనకబెంచీ కుర్రాడికి ఎడమ చెవి సరిగ్గా వినబడటం లేదు. నత్త అని పేరుపడ్డ పిల్లకు బోర్డే కనబడటం లేదు. ఇద్దరి కాగితాల మీదా ‘ఉంది’ అని రాసింది. గడిచిన ఇరవై రెండేళ్లలో ఇలాంటి వాళ్లు ఎంతమందో! మొహాలు గుర్తొస్తున్నాయి కానీ, వాళ్లిప్పుడు ఎక్కడున్నారో తెలియదు.

ఆ పిల్లను చిలకమ్మ అని పిలవడం మానేసింది. ఇంట్లో పెట్టిన పేరుతోనే పిలుస్తోంది. రోజూ బడి వదిలాక అరగంట కూర్చోబెట్టుకుంటుంది. ప్రత్యేక టీచరు నేర్పినట్టే, పళ్లెంలో ఇసుక పోసి వేలితో అక్షరం దిద్దిస్తుంది. ఒక్క వరస మాత్రమే కనబడేలా కిటికీ కోసిన అట్టను పేజీ మీద పెడుతుంది. తల్లి గేటు దగ్గరే నిలబడి కూతుర్ని తీసుకెళ్తుంది, లోపలికి రాదు. ఎదురుపడితే తల ఊపుతుంది, అంతే.

మూడు నెలలకు, ఒక సాయంత్రం కొత్త పుస్తకం తెరిచారు. అక్క ఎప్పుడూ చదవనిది. పిల్ల అట్టను మొదటి వరస మీద పెట్టుకుని, మొదటి అక్షరం మీద వేలు రెండుసార్లు ఆనించి తీసేసింది.

“మీరు అటు తిరగండి టీచర్. చూస్తుంటే రావట్లేదు.”

టీచరుగారు లేచి గోడవైపు తిరిగి నిలబడింది. వెనక ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ గొంతు మొదలైంది. “పడ... వ. పడవ. పడవ... యె... మె... మెల్లిగా...” తప్పు పలికినచోట ఆవిడ మెడ తిప్పలేదు, అందివ్వలేదు. పిల్లే ఆగి, వెనక్కొచ్చి, సరిదిద్దుకుంది. నాలుగు వాక్యాలకు పావుగంట పట్టింది. ఆ పావుగంటా టీచరుగారు గోడను చూస్తూ అలాగే నిలబడింది.