చరిత్ర బీరువా వైపు

వన్ టౌన్‌లో పప్పుల కొట్ల వెనక సందులో ఒక పఠన మందిరం ఉంది. శాలిని రోజూ తాను పాఠాలు చెప్పే కాలేజీకి వెళ్ళేముందు అక్కడికి వాళ్ళ నాన్న ఇశ్రాయేలుకు క్యారేజీ తెస్తుంది. పోస్టాఫీసులో రిటైరయ్యాక ఇశ్రాయేలు అక్కడే కాపురం పెట్టాడని ఇంట్లో వేళాకోళం. తోపుడుబళ్ళ మధ్య స్కూటీ దూర్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, ఆయన పక్కన క్యారేజీ పెట్టి ఆమె తన దారిన పోతుంది.

ఆ మందిరంలో రెండు బీరువాలు. కిటికీ పక్కది కథలది, ఎదురుగోడకున్నది చరిత్రది. కథల బీరువాలోని పుస్తకం ఎక్కడైనా నిజమైపోతే అది కిందికి దిగి, మెల్లగా నేలమీద జరుగుతూ చరిత్ర బీరువాలోకి వెళ్ళిపోతుంది. వానాకాలంలో చీమలు బారులు కట్టడం ఎంత వింతో అదీ అంతే వింత అక్కడివాళ్ళకు. నడిచే పుస్తకాన్ని ముట్టుకోకూడదన్నది మాత్రం ఆచారం. మందిరం చూసుకునే అమలమ్మ దాన్ని తప్పించి ఊడుస్తుంది, చదువుకునేవాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకుంటారు. తలుపు తగలకుండా చరిత్ర బీరువాను ఓరగా తీసి ఉంచుతారు. అలా వెళ్ళిన పుస్తకం వెనక్కి రావడం ఇంతవరకు ఎవరూ ఎరగరు.

ఇశ్రాయేలూ ఒక నవల రాశాడు. చరిత్ర బీరువా అంతా చదివాకే రాశాడు. జర్మనీలో ఇరుగుపొరుగులే ఇరుగుపొరుగులను పట్టించారు. రష్యాలో ఎదురు మాట్లాడినవాళ్ళకు పిచ్చని ముద్ర వేశారు. ఇవన్నీ కలిపి, పిల్లల చేత పిల్లల మీద చాడీలు చెప్పించే ఒక ఊరిని ఆయన పుట్టించాడు. ఆ ఊళ్ళో చాడీ చెప్పనన్న పిల్లకు మతి చెడిందని, ఆ పిల్ల పంతులమ్మే నలుగురిలో చెబుతుంది. "మరీ అతిగా రాశారండీ," అన్నాడు రోజూ పేపరు కోసం వచ్చే మరియదాసు. పుస్తకం ఎవరూ కొనలేదు. అయినా ఇశ్రాయేలు పొద్దున్నే వచ్చి, అది కథల బీరువాలో ఉన్నచోటే ఉందని చూసుకుని, "ప్రభువా, స్తోత్రం" అనుకునేవాడు.

ఆ రోజు శాలిని వెళ్ళేసరికి ఎవరూ పేపరు చదవడం లేదు. నాన్న నవల గది మధ్యలో నేలమీద ఉంది.

"తలుపు తీసేసరికే దిగుందమ్మా," అంది అమలమ్మ.

ఇశ్రాయేలు కూతురి మొహంలోకి చూశాడు. "నీకేమైనా తెలుసా తల్లీ?"

తెలుసు. ఆమె ఇంగ్లీషు చెప్పే కాలేజీ హాస్టల్లో ఈ ఏడు కొత్త పద్ధతి పెట్టారు. వారం వారం ప్రతి పిల్లా తప్పు చేసిన ఇంకో పిల్ల పేరు వార్డెన్‌కు చెప్పాలి. పామర్రు నుంచి వచ్చిన సాయిశ్రీ మాత్రం ప్రతిసారీ తన పేరే చెబుతోంది. మిగతావాళ్ళూ అదే పట్టుకుంటారని ప్రిన్సిపాల్ దుర్గాప్రసాద్‌కు గుబులు పుట్టింది. పిల్లకు మతి స్థిమితం లేదని తండ్రితో చెప్పి, పరీక్షలకు ముందే ఇంటికి పంపేద్దామన్నాడు. క్లాస్ టీచరైన శాలిని చెబితే తండ్రి నమ్ముతాడన్నాడు.

"నిన్న సరేనన్నాను నాన్నా. ఇవాళ మధ్యాహ్నం తల్లిదండ్రుల మీటింగులో చెప్పాలి," అంది శాలిని తల దించుకుని.

ఇశ్రాయేలు కోప్పడలేదు. "చరిత్ర చదివి కథ రాశాను. ఆ కథ మళ్ళీ మనింట్లోంచే చరిత్రలోకి పోతుందనుకోలేదు," అన్నాడు.

అందరూ చూస్తుండగానే పుస్తకం బెత్తెడు ముందుకు జరిగింది. శాలిని చిన్నప్పటి నుంచీ ఎన్నో పుస్తకాలు నడవడం చూసింది. కానీ ఒకటి తన మాట మీద నడవడం ఇదే మొదలు.

"పట్టుకోనా నాన్నా?"

"పట్టుకుంటే ఆగేది కాదమ్మా అది."

మధ్యాహ్నం కాలేజీ హాలు తల్లిదండ్రులతో నిండిపోయింది. సాయిశ్రీ తండ్రి తిరుపతిరావు ఒళ్ళో జామకాయల సంచి పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

"మీ అమ్మాయి సంగతి మేడమ్ చెబుతారండి," అన్నాడు దుర్గాప్రసాద్.

శాలిని లేచింది. భయంగానే ఉంది, ఉద్యోగం పోతుందనీ తెలుసు.

"మీ అమ్మాయికి ఏ జబ్బూ లేదండీ. ఇక్కడ పిల్లల్ని ఒకరి మీద ఒకరు చెప్పమంటున్నాం. తనకి చేతకాక తన పేరే చెప్పుకుంటోంది. మతి సరిగ్గా ఉన్నది తనకేనండీ."

అంతలో వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. "అయితే మా పిల్ల చేత కూడా చెప్పించారాండీ?" ఆవిడ వెంట ఇంకొకాయన, ఆయన వెంట హాలు హాలంతా. పేర్లు చెప్పించడం ఆ పూటతో ఆగిపోయింది. సాయిశ్రీ పరీక్షలకు హాస్టల్లోనే ఉండిపోయింది. శాలినిని మాత్రం రేపటినుంచి రావద్దన్నారు.

సాయంత్రం ఆమె మందిరానికి వచ్చేసరికి క్యారేజీ మూత కూడా తీసి లేదు. భోజనానికి ఎవరూ ఇళ్ళకు వెళ్ళలేదు. పుస్తకం తన అట్ట అంచును చరిత్ర బీరువాలో పెట్టి, అక్కడే ఆగిపోయి ఉంది.

"మధ్యాహ్నం నుంచీ కదల్లేదు," అంది అమలమ్మ గుసగుసగా.

శాలిని దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "మతి చెడిందని చెప్పలేదు నాన్నా," అంది.

పుస్తకం వెనక్కి తిరిగింది. చూస్తున్న అందరి మధ్య నుంచీ, వచ్చిన దారినే కిటికీ వైపు బయలుదేరింది. ఇశ్రాయేలు కన్నీళ్ళు తుడుచుకోకుండానే దాని పక్కన పాకుతూ వెళ్ళాడు. అది కథల బీరువా ఎక్కి తన చోట్లో సర్దుకున్నాక, అమలమ్మ చరిత్ర బీరువా తలుపు మూసింది.

మరియదాసు చెయ్యి పట్టి ఇశ్రాయేలును లేపాడు. "ఎవరేమన్నా అననీయండి ఇశ్రాయేలు గారూ, మీ నవల మాత్రం ఉత్త కట్టుకథ. అలాంటివి ఎక్కడైనా జరుగుతాయాండీ?"

ఇశ్రాయేలు ఆయనకు రెండు చేతులూ జోడించాడు.

"మీ నోట్లో పంచదార పొయ్య," అన్నాడు.