గాలికీ జమాఖర్చులుంటాయి

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: ఫ్యాన్లమ్మే దుకాణం, పొగ ఎక్కడున్నా బయటికి లాగేస్తానన్న ధీమా, చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన అక్క. మూడింట్లోనూ తరుగు లేని సరుకు అక్క ఒక్కతే.

ఆమెకు చిన్న భోజనశాల ఉంది. ముందు హాల్లో ఎనిమిది బల్లలు, వెనక వంటగది, మధ్యలో ఒక తలుపు. ఆ ఏడు అక్కకి దగ్గు పట్టుకుంది. పొగ తగ్గకపోతే పొయ్యి దగ్గరికే వెళ్లొద్దన్నాడు డాక్టరు. నెలాఖరుకి వంటగదిని ఇంకొకరికి అప్పగించేద్దామన్నాడు బావ. అక్క మాత్రం గరిటె కింద పెట్టలేదు.

నేను వెళ్లి పొయ్యి మీదికి రేకు గొట్టం దించి, దాని చివర ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించాను. పొగ పూర్తిగా పోలేదు. కిటికీల్లోంచి వచ్చే గాలి ఫ్యాను బలాన్ని తినేస్తోందని తోచింది. పైసా వృథా కానివ్వని వాణ్ణి, గాలిని కానిస్తానా? కిటికీలు మూయించి, తలుపుతో సహా సందులన్నిటికీ రబ్బరు పట్టీలు అంటించాను. పొగ ఇంకా పెరిగింది. మరింత పెద్ద ఫ్యాను ఎత్తుకుని మళ్లీ వెళ్లాను.

హాల్లోంచి వంటగది తలుపు లాగితే రాలేదు. ఫ్యాను కింద పెట్టి, గోడకి కాలు తన్నిపెట్టి రెండు చేతులా లాగాను.

"ఎవర్రా అది, తలుపు పీకేస్తున్నారు?" లోపల్నుంచి అక్క.

"నేనేనక్కా. గడియ తియ్యి."

"గడియ ఎక్కడేశాను? నువ్వు పట్టీలు అంటించిన దగ్గర్నుంచీ అలిగి కూర్చుంది. నాకు రోజూ దీంతో కుస్తీయే."

తలుపు ఒక్కసారిగా ఊడొచ్చింది. నాకంటే ముందు హాల్లోని గాలి లోపలికి దూకింది. పొయ్యి చుట్టూ తారట్లాడుతున్న పొగ లేచి బుద్ధిగా గొట్టంలోకి పోయింది. తలుపు మూశాను. పొగ దిగొచ్చి అక్క మొహాన్ని కమ్మింది. తెరిచాను, పోయింది. మూశాను, వచ్చింది.

"ఏంట్రా ఆ ఆటలు? పాకే రోజుల్నుంచీ తలుపు కనిపిస్తే చాలు నీకు," అంది అక్క దగ్గుతూనే.

"తప్పు నాదే అక్కా."

"ఆ ముక్క కాగితం మీద రాసివ్వు. నలభై ఏళ్లలో మొదటిసారి వింటున్నా."

రాబడి లేని ఖర్చు ఎన్నాళ్లు సాగుతుందని ఊరందరికీ బోధించేది నేనే. ఇక్కడ మాత్రం పోయే గాలినే లెక్కేసి, వచ్చే గాలికి దారి మూసేశాను. ఫ్యాను గిరగిరా తిరుగుతోంది గానీ, లాగడానికి దానికి గాలి దొరకడం లేదు.

పెద్ద ఫ్యాను వెనక్కి పంపి, పట్టీలు పీకేశాను. కిటికీలు తెరిస్తే వంటలో వీధి దుమ్ము పడుతుంది. అందుకని వెనక గోడకి జల్లెడ ఉన్న చిన్న ఫ్యాను పెట్టి, బయటి గాలిని లోపలికి తోయించాను. దాని ముందు, గాలిని హెచ్చుతగ్గులు చేయడానికి ఒక రేకు మూత. మొదటి రోజు మూత బార్లా తెరిచాను. గాలి ఎక్కువై, వంటగది పొగంతా బల్లల మీదికి వచ్చింది.

"గిరాకీని పొగబెట్టి తరుముతావా బావమరిదీ?" అన్నాడు బావ.

తలుపు సందులో సన్నటి కాగితపు పీలిక వేలాడదీసి, మూతను కొద్దికొద్దిగా మూస్తూ పోయాను. హాలు వైపు ఊగుతున్న పీలిక నిలిచింది. ఆ తర్వాత వంటగది వైపుకి రవ్వంత వాలింది. పది పాళ్లు బయటికి పోతే తొమ్మిది పాళ్లు తోయాలి, తక్కిన ఒక్క పాలు హాల్లోంచి తనే వస్తుంది. మూతను అక్కడే మర బిగించేశాను. ఒకటి వేసి ఒకటి మరవకుండా రెండు ఫ్యాన్లకీ ఒకే స్విచ్చి పెట్టాను.

నెలాఖరున వంటగది చూసుకోవడానికి వచ్చిన మనిషికి అక్క కడుపునిండా భోజనం పెట్టి పంపేసింది. బావ నవ్వేశాడు.

ఆ సాయంత్రం అక్క నన్ను పొయ్యి పక్కన నిలబెట్టి మొదలుపెట్టింది. రబ్బరు పట్టీలతో ఎత్తుకుని, ఆరో తరగతిలో నేను పాడుచేసిన గడియారం దాకా దేన్నీ వదల్లేదు.

చివరికి తేలిన లెక్క ఇది. పోయినవి: ఒక పెద్ద ఫ్యాను బేరం, నాకన్నీ తెలుసన్న పెద్దరికం. వచ్చింది: మండుతున్న పొయ్యి దగ్గర నిలబడి అక్క నన్ను పావుగంటసేపు ఏకబిగిన తిట్టింది, మధ్యలో ఒక్కసారి కూడా దగ్గలేదు.