దూదన్న గొంతు

తువ్వాళ్ళు మడతపెడుతుంటే పుస్తకాల అల్మరా పైనుంచి మా ఆయన గొంతు వచ్చింది. "అంచులు కలవలేదు. ఆ నీలంది మళ్ళీ మడతపెట్టు." ఆయన ఉన్నది ఊరికి ఆ చివర, ఆఫీసులో. అల్మరా మీద ఉన్నది కెమెరా, గుప్పెడంత కూడా ఉండదు. తల ఎత్తకుండా నీలం తువ్వాలు విప్పి, అంచుకు అంచు కలిపి మళ్ళీ మడిచాను. నా భయం తువ్వాలు గురించి కాదు, అది రోజూ ఉండే భాగోతమే. ఇవాళ కూడా ఇంత శ్రద్ధగా చూస్తున్నారంటే సాయంత్రం నా పని ఎలా అని.

దొంగల భయమని పెట్టించారు దాన్ని. పెట్టిన రోజు దాని చుట్టూ తిరిగి చూపించారు. "చూడ్డమే కాదు, వింటుంది. నేను అక్కణ్ణుంచి మాట్లాడొచ్చు కూడా." అత్తయ్య మురిసిపోయింది. "మా అబ్బాయికి ఇంటి మీద ఎంత ధ్యాసో. తప్పు చేయనివాళ్ళకి భయమెందుకమ్మా," అంది. ఆ అత్తయ్యే చెల్లెలితో ఫోనులో మాట్లాడాలంటే బాల్కనీలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. నేనెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఒకసారి పాత స్నేహితురాలు ఫోను చేస్తే ఈ గదిలోనే పగలబడి నవ్వాను. ఆ సాయంత్రం భోజనాల దగ్గర, "ఏంటంత జోకు? మాకూ చెప్పు, మేమూ నవ్వుతాం," అన్నారు. చెప్పాను. "ఆమె ఏమంది? నువ్వేమన్నావు? అందులో నవ్వడానికేముంది?" అంటూ మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చెప్పించారు. కొట్టలేదు, తిట్టలేదు. చల్లారిపోయిన కంచం ముందు కూర్చుని నా నవ్వుకు నేనే సంజాయిషీ ఇచ్చుకున్నాను. మళ్ళీ ఆ గదిలో నవ్వలేదు. ఆ స్నేహితురాలు కూడా మళ్ళీ ఫోను చేయలేదు.

నా ఉద్యోగం ఆ గదిలోనే. ఒక కంపెనీకి వచ్చే ఫిర్యాదులకు కంప్యూటరులో టైపు చేసి జవాబులివ్వాలి. "ఇంట్లో కూర్చుని చేసేదానికి నడుంనొప్పేంటి?" అంటారు ఆయన. వంట, బట్టలు, అత్తయ్య మందులు, మధ్యమధ్య కంపెనీ తరఫున ముక్కూమొహం తెలియనివాళ్ళకు క్షమాపణలు. కెమెరాకు నా మొహం కనిపిస్తుంది, స్క్రీను కనిపించదు. ఆ కాస్త సందులోనే నాకు ఆట దొరికింది. మరిది వదిలేసి వెళ్ళిన కంప్యూటరు అది, ఆట అందులోనే ఉంది. రెండు జట్లు తుపాకులతో తలపడతాయి. ఒకడు గోడలు కడతాడు, ఒకడు ముందు నిలబడి దెబ్బలు కాస్తాడు, ఒకడు దూరంనుంచి కాలుస్తాడు. డాక్టరు వేషం ఎవరికీ అక్కర్లేదు, వెనకాల నడుస్తూ వాళ్ళ గాయాలు మాన్పడమే కాబట్టి. మిగిలింది అదే కనక తీసుకున్నాను. ఇక్కడ కూడా ఇదే చాకిరీనా అని నవ్వొచ్చింది, లోపల్లోపలే. కానీ ఒక తేడా ఉంది. అక్కడ నేను ఒక్క క్షణం ఆగితే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు.

మొదట్లో అత్తయ్య బాల్కనీలో ఉన్నప్పుడు ఒక్కసారి మైకులో గుసగుసగా మాట్లాడాను. "ఎవరమ్మా అది? వంటింటి దారి అటు," అన్నాడొకడు. మిగతావాళ్ళు నవ్వారు. వాడు అంతటితో వదల్లేదు, ఏ ఆటలో చేరినా వెనకాలే వచ్చి బూతులు తిట్టేవాడు. ఆ పేరు వదిలేసి 'దూది' అని ఇంకో పేరు పెట్టుకుని మళ్ళీ వచ్చాను. ఇక మైకు ముట్టుకుంటే ఒట్టు. నోరు తెరిస్తే అల్మరా మీద ఆయన, చెవిలో వాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. మాట్లాడకపోయేసరికి కొత్త జట్టువాళ్ళు నన్ను మగవాడనే అనుకుని 'దూదన్నా' అని పిలవడం మొదలుపెట్టారు. నేనూ కాదనలేదు.

ఆటలో డాక్టరు చేతిలో ఒక కవచం ఉంటుంది. అది నిండాక వదిలితే కాసేపు జట్టులో ఎవరికీ దెబ్బ తగలదు. ఎప్పుడు వదలాలో డాక్టరే చెప్పాలి, డాక్టరు 'పదండి' అంటేనే జట్టు కదలాలి. నేను టైపు చేసి చెప్పేదాన్ని. టైపు చేయాలంటే వైద్యం చేసే మీటమీంచి చెయ్యి తీయాలి, తీసిన క్షణంలో ముందున్నవాడు పోతాడు. ఆ పోయేవాడు ఎప్పుడూ 'బండ' అనే పేరుతో ఆడేవాడే. బయట బస్సు డ్రైవరట. "దూదన్న ఆ మూడక్షరాలు కొట్టేలోపు నేను చచ్చి పుట్టి మళ్ళీ చస్తున్నా," అనేవాడు. తిట్టేవాడు కాదు, ఆట అయ్యాక "థ్యాంక్సన్నా" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం వెళ్ళేదాన్ని, సిగ్గెందుకు.

ఆడేవాళ్ళు తగ్గిపోయారని కంపెనీవాళ్ళు ఆట మూసేస్తున్నారు. ఇవాళ సాయంత్రంతో సరి. గోడలు కట్టే మనిషి మా నాయకుడు, అందుకే అతని పేరు మేస్త్రి. నిన్న అందరితో తెగేసి చెప్పాడు. "రేపు అందరూ మైకు తెరవాల్సిందే. ఇది పోతే ఇంకో ఆటలో కలుద్దాం. కానీ దూదన్నా, గొంతు కూడా తెలియని మనిషిని ఏమని వెతుక్కుంటాం? మాట్లాడితే మాతో వస్తావు. లేదంటే ఇక్కడితో సెలవు." రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ముగ్గురూ పోతే నా మాటకోసం ఆగే మనుషులు భూమ్మీద ఇంకెవరూ ఉండరు.

తువ్వాళ్ళు లోపల పెట్టి వచ్చి కూర్చున్నాను. హెడ్‌సెట్టు ఒక చెవికే, రెండోది ఇంటికి. చివరి ఆటలో అవతల ఉన్నది మమ్మల్ని ఎప్పుడూ చిత్తుగా ఓడించే జట్టు. గెలవాలంటే వంతెన దాటాలి. బండ ముందు నిలబడ్డాడు. కవచం ముప్పాతిక నిండింది. "దూదన్నా, పోదామా?" అన్నాడు. టైపు చేయబోయి వేలు ఆపుకున్నాను. తీస్తే పోతాడు. ఈసారి పోతే మళ్ళీ పుట్టడానికి ఆటే ఉండదు. మైకు తెరిచాను.

"ఆగండి. ఇంకా నిండలేదు."

వంటింటి మాట ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని పళ్ళు బిగబట్టాను. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "సరే. ఆగుతున్నాం," అన్నాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?"

అల్మరా. "నిన్నే. ఎవరు ఆగాలి? ఏం నిండలేదు?" తెరిచి ఉన్న మైకులోంచి ఆ మాటలన్నీ అవతల ముగ్గురికీ వినిపిస్తున్నాయని తెలుస్తూనే ఉంది. భోజనాల బల్ల, చల్లారిన కంచం, మొదటినుంచి చెప్పు అనే ఆ గొంతు అన్నీ కళ్ళముందుకొచ్చాయి.

"అక్కా," అన్నాడు బండ మెల్లగా. "నీ వెనక ఎవరో ఉన్నారు."

"అమ్మా, ఆ గదిలోకి వెళ్ళి చూడు," అంది అల్మరా.

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. నా మొహం చూసింది, స్క్రీను మీద తుపాకులు చూసింది, పైకి కెమెరాను చూసింది. ఆవిడ గడప దాటలేదు. గొంతు మాత్రం తొణకలేదు. "ఏం లేదురా. ఆఫీసు పని చేసుకుంటోంది," అంది.

అత్తయ్య నాకోసం అబద్ధమాడడం అదే మొదటిసారి. చేతిలో పెట్టినట్టు పెట్టింది దాన్ని. 'అవునండీ' అంటే చాలు, ఈ సాయంత్రం గడిచిపోతుంది, రేపు మళ్ళీ తువ్వాళ్ళు. కవచం నిండింది. వంతెన మీద ఎవరూ కదల్లేదు, నా మాటకోసం చూస్తున్నారు.

"పని కాదు అత్తయ్యా," అన్నాను, అల్మరాకు వినపడేంత గట్టిగా. "ఆడుకుంటున్నాను."

భయం పోలేదు. ఆ భయంతోనే మైకు దగ్గరికి లాక్కుని, "పదండి," అన్నాను.