పాము లేని గడి

మా ఆయన తిరుమల్ యూనిఫాం రెండుసార్లు నానబెడితే గానీ వాసన వదలదు. ఆయన మురుగు టాంకర్లకు సూపర్‌వైజర్. గల్ఫ్‌లో, ఉమ్ ఘువైలినా పేటలోని ఈ ఫ్లాట్లో నాకు రోజు మొదలయ్యేది ఆ నురగలో చేతులు పెట్టే. "ఏసీల కూసుంటవ్, నీకేం పనే?" అంటాడు. నేను నీటి కాలుష్యం మీద ఎమ్మెస్సీ చేసిన సంగతి ఈ ఇంట్లో నాకొక్కదానికే గుర్తు.

పాత దుప్పటి మీద వైకుంఠపాళి గీశాను. నీళ్లను కాపాడే పనులు నిచ్చెనలు, పాడుచేసే పనులు పాములు. సింకులో పోసిన నూనె ఒక పాము. అన్నిటికన్నా పొడవైన పాము, గెలుపుకు ముందు గడిలోది, ఇసుకలో మురుగు వదిలే టాంకర్. ఊహించి గీసింది కాదు. "లైన్ మే కౌన్ ఖడా రహేగా? రేత్ మే ఛోడ్ దో, యల్లా!" అని, శుద్ధి కేంద్రం దగ్గర వరసలో ఆగకుండా ఇసుకలోనే వదిలేసి కదలమని, ఆయన డ్రైవర్లకు ఫోన్లో చెప్పడం వంటగదిలోకి వినబడుతూనే ఉంటుంది.

మా పాప వాళ్ల టీచర్ రెజీనా ఈ ఆట చూసి, "క్లాసులో ఆడించండి సునందగారూ. బాగుంటే స్కూల్లో మీకు ఉద్యోగం గురించి ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను" అంది. నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్లయిందో.

శుక్రవారం ఇంట్లో ఆడుతుంటే పాప కాయ ఆ గడిలో పడింది. "బాపూ, నీ టాంకర్ నన్ను మింగింది!" అని కిలకిలా నవ్వింది.

ఆయన నవ్వలేదు. "గిది ఎవలన్న చూస్తె నా డ్యూటీ పోతది. నా వీసా మీదనే గదా నువ్వున్నది? ఆ పామును తీసెయ్. లేకుంటె స్కూలు లేదు గీలు లేదు, మాఫీ."

తెల్లగుడ్డ ముక్క కత్తిరించి పాము మీద కుట్టాను. అదే సూదితో ఆయన చొక్కాకు గుండీ కూడా. ఆయన ఇసుకతో కప్పిస్తాడు, నేను గుడ్డతో కప్పుతున్నాను, అంతే కదా తేడా అనిపించింది. ఉద్యోగం రానీ, అప్పుడు విప్పేస్తానని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట నేనే నమ్మలేదు.

క్లాసులో ఒకటే కేరింతలు. రెజీనా చప్పట్లు కొడుతోంది. పాప కాయ వచ్చి వచ్చి ఆ తెల్ల ముక్క మీదే ఆగింది. వేలితో కుట్లు తడిమి నావైపు చూసింది.

"అమ్మా, ఈడ పాముండె గదా?"

"ఈడ ఏం లేదు. యల్లా, ముందుకు పో."

నా నోట్లోంచి ఆయన గొంతే వచ్చింది.

పాప అచ్చం నాలాగే తల వంచుకుని కాయ జరిపింది.